మూడో జవాబు

“ఏమప్పా మారప్పా, షెడ్డుకు సున్నం కొట్టినావా? చేతులు కడుక్కోని ఆకు వేసినావా? అవేం చెయ్యకుండా మా గుడ్ల మీద పడితే ఎట్ల?”

మైకులో మేనేజర్ నాగేష్ గొంతు హాలంతా మోగింది.

మారప్ప లేచి నిలబడ్డాడు. పెనుకొండ పక్క పల్లె అతనిది. పట్టుపురుగులు పెంచడం తప్ప ఇంకో పని ఎరగడు. ఈసారి నాగేష్ కంపెనీ ఇచ్చిన గుడ్లు తెచ్చుకున్నాడు. పురుగులు గూడు కట్టకుండానే నల్లబడి చచ్చాయి. ఊళ్లో ఇరవై షెడ్లలోనూ అదే గతి.

“కొట్టినా. కడుక్కున్న్యా. ఇరవై ఇండ్లోళ్లమూ ఒకేసారి సున్నం మర్సిపోయినామా సార్? గుడ్లలోనే రోగం ఉండాది. ఒప్పుకోని కొత్త గుడ్లు ఇయ్యండి.”

“నువ్వు డాక్టరువా? కూర్చో.”

హిందూపురంలో ఒక కల్యాణ మండపం. నేల కింద ఉన్న భోజనాల హాలు చౌకగా దొరికిందని మీటింగు అక్కడే పెట్టారు. నూటయాభై మంది రైతులు కుర్చీల్లో, కంపెనీ ఉద్యోగులు గోడల వెంట నిలబడి ఉన్నారు. ఊరూరా తిరిగి గుడ్లు అందించేది, ఊరూరా తిట్లు తినేది ఆ ఉద్యోగులే. నాగేష్ ఏసీ గది దాటి వచ్చింది ఇవాళే.

తెర మీద హంగుకేం తక్కువ లేదు. ఆఫీసులో కంప్యూటర్ పని చూసే నీలావతి వారం రోజులు కూర్చుని ఆన్‌లైన్‌లో ఆ స్లైడ్లు తయారు చేసింది. పురుగులు నవ్వుతూ పాకుతాయి. గూళ్లు వాటంతటవే దారాలై ధర్మవరం మగ్గాల మీదికి ఎగురుతాయి. చచ్చిన పురుగు మాత్రం ఒక్కటీ లేదు. నాగేష్ తీయించేశాడు.

చివరి స్లైడు ఓటింగు. తెర మీది గళ్ల బొమ్మను ఫోనుతో స్కాన్ చేసి జవాబు నొక్కాలి. పంట పోవడానికి కారణం ఏమిటి? ఒకటి, రైతు అశ్రద్ధ. రెండు, వాతావరణం. మూడు, కంపెనీ గుడ్లు.

మూడోది వద్దు సార్ అని నీలావతి నిన్ననే చెప్పి చూసింది.

“ఉండనీ,” అన్నాడు నాగేష్. “గుడ్లకు రైతులు మళ్లా మన కాళ్ల కాడికే రావల్ల. ఎవునికి ధైర్యం ఉండాది నొక్కేకి? ఓట్లన్నీ ఒకటోదానికే పడతాయి. బెంగళూరు ఆఫీసుకు అదే పంపిద్దాం.”

హాలంతా ఫోన్లు పైకి లేచాయి. తలలు వంగాయి. నాగేష్ కూడా వేదిక మీద నుంచే ఒకటో జవాబు నొక్కి, ధీమాగా తెరవైపు తిరిగాడు.

ఓటు పడ్డప్పుడల్లా తెర మీద ఒక బొమ్మ పురుగు ఆ జవాబు గీత మీదికి పాకుతుంది. ఒకటో గీత మీద ఒకే ఒక్క పురుగు. రెండోదాని మీద ఏమీ లేదు. మూడోదాని మీద రెండు, ఏడు, పదిహేను... ఇరవై రెండు దగ్గర ఆగింది.

రైతులు చప్పట్లు కొట్టారు. నాగేష్ ముఖం మాడిపోయింది.

“మారప్పా, మీ ఊరోళ్లు ఎంతమంది వచ్చినారు?”

“ఇరవై మందిమి.”

“సరిపాయ. ఇంకో ఇద్దరు మీ చుట్టాలయ్యుంటారు. మిగతావాళ్లకు బుద్ధి ఉండాది కాబట్టి నొక్కలేదు.”

“నేను నొక్కలేదు సార్. నొక్కింటే నొక్కినానని మొగం మీదే చెప్పేవాణ్ణి.”

“నోర్ముయ్. రేపట్నించి మీ ఊరికి గుడ్లు బంద్. ఏం బతుకుతారో బతకండి.”

ఊరివాళ్లంతా మారప్పవైపే చూస్తున్నారు. నీ నోటి దురుసుకు మా నోటికాడి కూడు పోయింది కదరా అన్నట్టు ఉంది ఆ చూపు. అతను ఎవరి కళ్లలోకీ చూడలేక కూలబడ్డాడు.

నాగేష్ అంతటితో వదల్లేదు.

“నీలావతీ, ఎవురెవురు నొక్కినారో పేర్లు తియ్. ఒక్కొక్కణ్ణీ లిస్టులో నుంచి కొట్టేస్తా.”

“పేర్లు కనపడవు సార్.”

“పేర్లు కాకుంటే యా ఊరోళ్ల ఫోన్లో అన్నా చెప్పు! అందరికీ వినపడేట్ల మైకులో చెప్పు!”

నీలావతి మైకు అందుకుంది.

“సార్, ఈ కింది హాల్లో సిగ్నల్ లేదు, వైఫై రైతులకు ఇయ్యొద్దని మీరే అన్న్యారు, నొక్కినోళ్లమంతా మీ స్టాఫే.”