తాళంగాడి మెడదిండు

నాకు అక్షరాలు వచ్చింది అరవై దాటాక. ఒత్తులూ దీర్ఘాలూ అటూ ఇటూ అయితే సర్దుకుని చదువుకోండి. రాయడం నత్తనడకే గానీ, కథ మాత్రం ఆగదు.

తాళంగాడి మెడలో దిండు ఉంది. ప్రయాణాల్లో కునికిపాట్లు పడేవాళ్ళు మెడ చుట్టూ వేసుకుంటారే, ఆ రకం. దాని కడుపులో దూది కాసింత, నగల కొట్లోంచి లేచొచ్చిన గొలుసులూ గాజులూ బోలెడు. మెడ లాగేస్తోంది. అయినా మొహం మాత్రం అత్తారింటికి పోతున్న కొత్తల్లుడిలా పెట్టుకున్నాడు.

అతని అసలు పేరు ముఠాలో ఎవరికీ గుర్తులేదు. రెండుసార్లు పోలీసులకు దొరికి, ఎంత కుమ్మినా ఒక్క పేరు బయటపెట్టలేదని, అక్క మొగుడే మురిసిపోయి తాళం అని పేరు పెట్టాడు. ముఠాకి పెద్ద కూడా ఆ బావే. ఈసారీ అదే పని. దిండు ఓడలో అవతలి రేవుకి దాటాలి, నోరు తెరుచుకోకూడదు.

ఉపాయం కూడా బావదే. ఆ ఏడు కరోనా మళ్ళీ కొత్త వేషం కట్టి దిగింది. కొత్త బూస్టరు వేయించుకున్నవాళ్ళ సామాను రేవులో వెతికి ఓడెక్కిస్తున్నారు. వేయించుకోనివాళ్ళు కుక్క ముందు నిలబడాలి. జబ్బు వాసన పసిగట్టే కుక్కట. అది ఎవరి ముందు కూర్చుంటే వాళ్ళని పక్క తలుపులోంచి ఓడలో విడిగదికి పంపేస్తారట. వాళ్ళ సామాను ముట్టుకునే ధైర్యం ఎవడికీ లేదట. రేవు పక్క టీ కొట్టులో ఎవరో చెప్పుకుంటుంటే బావ విన్నాడు.

"కుక్క నీ ముందు కూర్చుందా, ఓడ నీదేరా," అన్నాడు. అది కూర్చోవడానికని ఓ జబ్బుమనిషి జేబురుమాలు సంపాదించి చేతిలో పెట్టాడు.

వరుస కదిలింది. తాళం జేబులో చెయ్యి పెట్టాడు. రుమాలు లేదు. పొద్దున ప్యాంటు మార్చుకున్నాడు గానీ రుమాలు ఈ జేబులోకి మార్చుకోలేదు. వెనక్కి పోదామంటే వెనక జనం.

కుక్క వచ్చింది. మూతి నెరిసిన ముసలిది. అతని బూట్లకేసి చూసి, ఆవలించి, పక్కమనిషి వైపు పోబోయింది. అంతలో దాని గొలుసు పట్టుకున్న నర్సు, తల నుంచి కాళ్ళ దాకా తెల్ల ముసుగులో ఉన్న పెద్దావిడ, ఖళ్ళున దగ్గింది. ఈవిడే నాకు అంటించేలా ఉందే అని తాళం ఓ అడుగు వెనక్కి వేశాడు.

కుక్క గిరుక్కున తిరిగొచ్చి అతని ముందు కూర్చుంది.

ముందు ఆనందం ముంచుకొచ్చింది. పక్క తలుపు దాటాడు, దిండూ దాటింది, ఎవరూ వేలు పెట్టలేదు. విడిగదిలో తెల్లటి పక్క, గుండ్రటి కిటికీ. ఈల వేద్దామని మూతి సున్నా చుట్టాడు. అప్పుడు తట్టింది.

రుమాలు ఇంట్లో ఉంది. మరి కుక్క దేన్ని వాసన చూసింది?

ఒళ్ళు వెచ్చబడింది. గొంతులో గరగర మొదలైంది. దిండు మోసి పట్టేసిన మెడ కాస్తా జబ్బుతో పట్టేసిన మెడ అయిపోయింది. నర్సు కుక్కతో సహా లోపలికొచ్చేసరికి అద్దం ముందు నాలుక బయటపెట్టి చూసుకుంటున్నాడు.

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా నాయనా?" అంది ఆవిడ, కుర్చీ లాక్కుంటూ.

నెలల మేనకోడలు ఉంది. నిన్న బావ ఈ దిండు కూరి, ఆ చేతులతోనే పాపని ఎత్తుకుని ముద్దులాడాడు. ఉందన్నట్టు తాళం తలూపాడు.

ఈ కొత్తరకం జబ్బు గుడ్డని పట్టుకుంటే వదలదని ఆవిడ మెల్లగా చెప్పింది. దిండు ఎవరెవరు ముట్టుకున్నారో చెబితే ఇవాళే మనుషుల్ని పంపి, ఇళ్ళకే వెళ్ళి బూస్టర్లు వేయిస్తామంది. బలవంతం ఏమీ లేదని లేచి తలుపు దాకా వెళ్ళింది కూడా.

"కూర్చోండమ్మా," అన్నాడు తాళం.

ముందు బావ పేరు, వీధి, తలుపు రంగుతో సహా చెప్పాడు. తర్వాత దిండు కుట్టిన దర్జీ. ఆయనకు ఉబ్బసం, పాపం, త్వరగా వెళ్ళమన్నాడు. నగల కొట్టు కాపలావాడు కూడా ఈ దిండు మీద కునుకు తీశాడని, వాడికి సూదంటే భయం గనక నలుగురు పట్టుకోవాలని చెప్పాడు. అవతలి రేవులో దిండు అందుకోడానికి వచ్చేవాడి ఆనవాళ్ళు చెప్పి, దగ్గరికి రానివ్వద్దని బతిమాలాడు. ఎవరైనా మిగిలిపోయారేమోనని వేళ్ళు మడిచి మళ్ళీ మొదట్నుంచి చెప్పుకొచ్చాడు. నగల మాట మాత్రం ఎత్తలేదు. తాళం తాళమే.

"నేను బతుకుతానా అమ్మా?" అన్నాడు చివరికి.

"నీకేం, గుండ్రాయిలా ఉన్నావు."

"మరి కుక్క కూర్చుంది కదండీ!"

"దానికి ముక్కు పనిచేయక ఎన్నాళ్ళో అయింది," అంటూ ఆవిడ తెల్ల ముసుగు జిప్పు కిందికి లాగింది. లోపల పోలీసు చొక్కా. "రెండుసార్లు దొరికిన మొహాన్ని మర్చిపోతామా? టీ కొట్టులో ఆ కబురు వదిలింది కూడా నేనే."

ఆవిడ ఖళ్ళున దగ్గింది. మూల కునుకుతున్న ముసలి కుక్క లేచొచ్చి, తాళం ముందు బుద్ధిగా కూర్చుంది.

— కళ్ళజోడు పిన్నమ్మ, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు ఉంటున్నది రెండో కూతురి ఇంట్లో, వీధి వైపు గదిలో.