వేపరెమ్మ వేసిన బకెట్

మూడో చేప కూడా శుక్రవారమే చచ్చిపోయింది.

హేమావతి దాన్ని అరచేతిలో పెట్టుకుని గడప మీద కూర్చుంది. డ్యూటీ నుంచి వచ్చిన ప్రసాదు ఆమె పక్కనే కూర్చున్నాడు.

"నా చేతిలో ఏదీ బతకదు" అంది ఆమె.

ఆ మాట చేప గురించి మాత్రమే కాదని అతనికి తెలుసు.

వాళ్ళు కదిరి నుంచి హోసూరు వచ్చి నాలుగు నెలలు. మూకండపల్లిలో మేడ మీద ఒక గది, ఫ్యాక్టరీలో ఉద్యోగం. వచ్చిన నెలకే హేమావతికి ఏడో నెల కడుపు పోయింది. అప్పటి నుంచి కంచం ముందు కూర్చుని గోడకేసి చూసేది. మనసు నిలిచేలా ఏదైనా పని చూపించమంది డాక్టరమ్మ. ప్రసాదు ఒక గాజు తొట్టి, నాలుగు గోల్డ్ ఫిష్‌లు తెచ్చాడు. చేపలంటే ఇద్దరికీ పులుసులో తప్ప తెలియదు.

అయినా హేమావతి మారింది. చేపలకు మేత వేశాక తనూ నాలుగు ముద్దలు తినేది. వాటికి పేర్లు మాత్రం పెట్టలేదు. పెడితే నిలవవని భయం.

వారానికోసారి నీళ్ళు మార్చమన్నాడు అంగడివాడు. వారానికోసారి అంటే ఆమెకు శుక్రవారమే. ఇల్లు కడిగి, గడపకు పసుపు రాసి, తొట్టిలో నీళ్ళన్నీ పారబోసి, కొబ్బరి పీచుతో తోమి, అప్పుడే కొళాయిలో వచ్చిన నీళ్ళు నింపేది. శుక్రవారం నీళ్ళు ఆస్పత్రి వాసన వేసేవి. ఎంత శుభ్రమైన నీళ్ళో అని మురిసిపోయేది పిచ్చితల్లి.

మొదటి శుక్రవారం ఒకటి పోయింది. రెండో శుక్రవారం ఇంకొకటి.

ఆ రెండోదాన్ని కింద గేటు పక్కన కనకాంబరం కుండీలో పూడుస్తూ, తన చేతిలో ఏదీ బతకదని పైకే అనుకుని ఏడ్చింది. తల ఎత్తితే ఒక ముసలాయన సైకిల్ ఆపుకుని చూస్తున్నాడు. ఒక కంట్లో తెల్లటి పువ్వు.

"శుక్రవారం పొద్దు ఆ నీళ్ళు పోయొద్దమ్మా. పోస్తే ఇంకోటీ పోతాది" అన్నాడు.

హేమావతికి అది శాపంలా వినబడింది. ఇంకో మాట వినకుండా మేడెక్కి గడియ పెట్టుకుంది.

మూడో శుక్రవారం తెల్లవారేసరికి గడప ముందు బకెట్ నిండా నీళ్ళు, పైన వేపరెమ్మ. ప్రసాదు మెట్ల దగ్గరికి పరుగెత్తాడు. సైకిలెక్కుతూ కనబడ్డాడు ఆ ముసలాయనే. పైనుంచే ఫోన్‌లో ఫోటో తీశాడు.

కింది ఇంటి సుగంధి అది ఖాయంగా సూన్యమేనంది, చేతబడి అన్నమాట. ఒక్క చుక్క ఇంట్లో పడకుండా మూడు దారులు కలిసేచోట పారబోసి రమ్మంది. ప్రసాదు ఊపిరి బిగబట్టి పోసి వచ్చాడు. హేమావతి కొళాయి నీళ్ళతో తొట్టి నింపింది.

సాయంత్రానికి మూడో చేప ఆమె అరచేతిలో ఉంది.

ప్రసాదు ఇక ఆగలేకపోయాడు. ఈ మనిషి మా ఇంటికి కీడు చేస్తున్నాడు, వీధిలో కనబడకుండా చెయ్యండని రాసి, వార్డు కౌన్సిలర్‌కు ఫోటో పంపాడు. జవాబుగా బొటనవేలి బొమ్మ వచ్చింది.

తర్వాతి శుక్రవారం గడప ముందు బకెట్ లేదు. పీడ వదిలిందనుకున్నారు. హేమావతి తొట్టి కడిగి నీళ్ళు నింపింది.

అరగంట గడవలేదు. మిగిలిన ఒక్క చేపా పైకి తేలి, నోరు తెరుస్తూ మూస్తూ కొట్టుకోసాగింది.

అంగడివాడికి పదిసార్లు ఫోన్ చేశాడు ప్రసాదు. ఎత్తలేదు. జ్యూస్ గొట్టం నీళ్ళలో పెట్టి, కళ్ళు బైర్లు కమ్మేదాకా గాలి ఊదాడు. చేప పక్కకు ఒరిగింది.

"ఇదీ పోతే నన్ను మా అమ్మ దగ్గర వదిలేసి రా" అంది హేమావతి. ఆమె కంట్లో తడి కూడా లేదు. "ఇంకో బిడ్డ మాట నా దగ్గర ఎత్తొద్దు."

అప్పుడే మెట్ల మీద అడుగుల చప్పుడయింది. ఖాకీ చొక్కా మనిషి ఒకడు బకెట్‌తో ఎక్కి వస్తున్నాడు. నీళ్ళ మీద వేపరెమ్మ.

ప్రసాదు వెళ్ళి అతని చొక్కా పట్టుకున్నాడు. "ఎవురు పంపినారు నిన్ను?"

"మారియప్ప తాత. కంట్లో పువ్వు ఉంటాదే, ఆయన. లేటయిపోయినాదప్పా, ముందు చేపను దీంట్లో వెయ్యండి."

హేమావతి అడగలేదు, ఆలోచించలేదు. పోయేదానికి ఇంకేం పోతుందనుకుందో ఏమో, రెండు చేతులతో చేపను ఎత్తి బకెట్‌లో వదిలింది.

ఆకు చూసి బెదరొద్దని చెప్పాడు ఆ మనిషి. తన పేరు కుమారేశన్ అట. సైకిల్ మీద తెచ్చేటప్పుడు నీళ్ళు తొణక్కుండా రెమ్మ వేస్తారట. అవి రోజాతోట బావి నీళ్ళు.

చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత చిన్న రెక్క కదిలింది. చేప నిటారుగా అయి, మెల్లగా అడుక్కు పోయింది. హేమావతి బకెట్‌ను రెండు చేతులతో చుట్టేసి భోరుమంది.

ప్రసాదు చొక్కా వదిలేశాడు. "తాత యాడుంటాడు? పోయి కాళ్ళు మొక్కి వస్తాను."

"ఈడ లేడప్పా. ఆయన మీద ఎవురో కంప్లయింట్ పెట్టినారని పోయిన వారమే పనిలోంచి తీసేసినారు. వాళ్ళ ఊరు అత్తిముగం పోయినాడు. ఆ పని ఇప్పుడు నాది. పోతా పోతా ఈ బకెట్ మాత్రం మరవొద్దని చేతిలో చెయ్యి వేయించుకున్నాడు."

"ఏం పని?" అన్నాడు ప్రసాదు.

కుమారేశన్ చంకలోని వాల్వు తిప్పే కడ్డీని గోడకు ఆనించి, హేమావతి వైపు తిరిగాడు.

"శుక్రవారం శుక్రవారం మీ వీధి నీళ్ళ ట్యాంకులో బ్లీచింగు కలిపే పనమ్మా. 'ఆయమ్మ చెయ్యి మంచిదే, చంపింది నా చెయ్యి' అని తాత మీకు చెప్పమన్నాడు."