ఎనిమిదో రీలు కొస

శుక్రవారం మార్నింగ్ షోకే జనం కుర్చీలు విరిచినంత పని చేశారు.

చేతిలో చిల్లిగవ్వ లేనివాళ్లెవరో తీసిన దయ్యం సినిమా. ఊరంతా తిరిగితే నారాయణగూడలో ఈ ఒక్క టాకీసు దొరికింది. ఎనిమిదో రీలు చివర నాలుగు నిమిషాలు మాటా లేదు, పాటా లేదు. ఒకటే ఈలలు.

“కోసి పారెయ్ విఠల్!” మేనేజరు మెట్ల కిందినుంచే అరిచాడు.

ఆపరేటర్ విఠల్‌కు అది కొత్త కాదు. పాతికేళ్లలో ఎందరి కష్టానికో కత్తెర వేసిన చెయ్యి. ఆ హక్కు నీకెవరిచ్చారని అడిగినవాడు లేడు.

ఆ ముక్కలో ఏముందో కూడా అతను చూడలేదు. రీలు కొసకొచ్చే వేళకు రెండో మిషన్‌కు తర్వాతి రీలు ఎక్కించే పనిలో ఉంటాడు. కోసి, చుట్టచుట్టి మేకుకు తగిలించాడు.

శనివారం మ్యాట్నీ వదిలాక ఒకామె మెట్లెక్కి కేబిన్ గుమ్మంలో నిలబడింది. చేతుల నిండా సిమెంటు మరకలు.

“అన్నా, అద్దం ముందట కూసునే సీను ఏమాయె?”

“తీసేసిన.”

“రేపు మ్యాట్నీకి జర పెట్టన్నా. కవాడిగూడల మా బస్తీ అందరికి చెప్పిన, తోల్కొస్త అని.”

“ఏమని చెప్పినవ్?”

ఆమె తల వంచుకుంది. “గదే... ఆ సీను మంచిగుంటదని.”

“మంచిగుంటే గంత లొల్లి ఎందుకైతది? పాతికేండ్ల సంది రీళ్లు తిప్పుతున్న. సినిమా సంగతి నాకు నువ్వు చెప్తవా?”

“ఒక్క ఆటకే అన్నా. మావోళ్ల ముందట ఇజ్జత్ పోతది. నీ కాల్మొక్త.”

“సరే పో, చూస్త.”

పోతే చాలని అన్న మాట అది. ముక్క మేకుకే ఉంది.

ఆదివారం ఆట వదలగానే గేటు దగ్గర పదిహేను మంది గుంపు. కేబిన్ కిటికీలోంచి విఠల్‌కు అంతా వినబడింది.

“ఏదే మాసమ్మా? కూలి ఇడిపిచ్చి మరీ తోల్కొస్తివి?”

“కోతలు కోసినా జర అంతుండాలె!”

అందరూ నవ్వారు. ఆమె ఒక్కసారి పైకి చూసింది. విఠల్ కిటికీ మూశాడు.

సోమవారం పేపర్లో రాశారు: ‘మొదట్నుంచీ దయ్యం దయ్యం అని భయపెట్టి, అదెవరో చూపించకుండానే చేతులు దులుపుకున్నారు.’

గురువారానికి సినిమా ఎత్తేశారు.

డబ్బా వాపసు పంపే ముందు కోసిన ముక్క అతికించాలి. విఠల్ అతికించాడు. అతుకు నిలుస్తుందో లేదోనని ఖాళీ హాల్లో ఆ కొస ఒక్కటే వేశాడు. ఎక్కించడానికి ఇంకో రీలు లేదు. చేసేదేమీ లేక తెర వైపు చూశాడు.

సినిమా అంతా ముఖం కనబడని దయ్యం, అద్దం ముందు వీపు తిప్పి కూర్చుంది.

మెల్లగా జుట్టు తొలగించుకుని ఇటు తిరిగింది.

ఆ ముఖం మాసమ్మది.