పెదాల పాఠం

"మామ మావిలో," అంది పదేళ్ల సుంకులమ్మ. పుట్టు చెవిటి పిల్ల నోట అదే మొదటి వాక్యం.

మద్రాసులో చెవిటి పిల్లలకు చదువు చెప్పే ట్రైనింగు పూర్తిచేసి, రోజూ నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో వచ్చి ఈ ఇంట్లో పాఠం చెబుతున్న వల్లి టీచరుకు కళ్లు చెమర్చాయి.

"మామిడితోపు అంటాందిలే," అన్నాడు తండ్రి మద్దిలేటి గబగబా.

"కాదన్నా. మ, బ రెండూ పెదాల మీద ఒకే మాదిరి కనపడతాయి. ఈమె మీ పెదాలు చూసే కదా నేర్చుకుంటాండేది. ట్రైనింగులో మాకు మొదట చెప్పిందే ఇది."

వల్లి పిల్ల వేలిని తన ముక్కు మీద ఆనించుకొని, ముక్కు అదరకుండా పలికి దిద్దింది.

"బావి. మామ బావిలో."

అన్నాక గానీ ఆ మాట వల్లికే వినపడలేదు. నందికొట్కూరు సంతకు పోయాడన్న ఆ పిల్ల మేనమామ ఉగాది నుంచి తిరిగి రాలేదు.

"చెవిటిదే గదా అని దీని ముందరే అన్నీ మాట్లాడుకుంటిమి," అన్నాడు మద్దిలేటి మెల్లగా. "నువ్వీడికి వచ్చేది ఎవురికన్నా చెప్పినావా టీచరమ్మా?"

"లేదన్నా," అంది వల్లి. వెంటనే నాలుక కరుచుకుంది.

మద్దిలేటి తువాలతో నోరు కప్పుకొని, గడపలో నిలబడ్డ జీతగాడు రంగయ్యతో ఏదో గొణిగాడు. రంగయ్య తలుపు గడియ పెట్టి, అంతే మెల్లగా బదులు చెప్పాడు. అతని నోటికి మాత్రం అడ్డు లేదు.

సుంకులమ్మ టీచరు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"టీచరు మావిలో," అంది.

వల్లి ఈసారి దిద్దలేదు.