బోయిగూడ అభిమాని

"ఇగ బ్లాగు బంద్, వసుధా. ఇన్నేండ్లు ఎవరి కోసం రాసిన్నో నాకే సమజైతలేదు. రేపటిసంది వంటింట్ల నీకు సాయం చేస్తా," అన్నాడు రిటైరైన హరికిషన్.

భార్య చేతిలో గరిటె ఆగిపోయింది. పోయిన నెల నెట్ రాని వారమంతా ఆయన ఆమె వెనకే నిలబడి, పోపులో ఆవాలు ఎప్పుడు వేయాలో నేర్పాడు.

వసుధ స్టవ్ ఆపి బాల్కనీలోకి వెళ్లింది.

కాసేపటికి లోపల ఒకటే సంబరం. "ఏమే, జెర ఇటు రా! నా బోయిగూడ అభిమాని మళ్ల కామెంట్ పెట్టిండు. నేను రాయకుంటే ఆయనకు పొద్దు గడవదట. గిసుంటోళ్ల కోసమన్న రాయాలె!"

"రాయుండ్రి. పాపం, నిజంగనే గడవదు," అంది వసుధ, ఫోనుకంటిన పసుపును కొంగుతో తుడుస్తూ.