మడమతో తొక్కి చూడండి

"అది వద్దు బాబూ."

ఆ మాట అన్నదెవరా అని దర్జీ వెనక్కి తిరిగాడు.

పడవల షెడ్డులో, బోర్లించిన బకెట్టు మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మాసిన టోపీ, మోకాలి దగ్గర అతుకు వేసిన ప్యాంటు. ఆ అతుకు వేసినవాడికి కుట్టు రాదని దర్జీ ఒక్క చూపులో తేల్చేశాడు.

"ఏం, ఎందుకొద్దు?" అన్నాడు చిరాగ్గా.

చిరాకు రాదూ మరి. పదకొండేళ్లు కుట్టుమిషను ముందు కూర్చుని కలగన్న పడవ ఎదురుగా ఉంది. తెల్లగా మెరిసిపోతోంది. పక్కన నీలం చార, కొత్త సీట్లు.

పైగా భార్యను ఒప్పించేసరికి తలప్రాణం తోకకొచ్చింది. ఆవిడకు నీళ్లంటే భయం. "ఒక్కసారి ఎక్కుతాను. నా కాళ్లు వణికాయంటే మర్నాడే అమ్మేయాలి," అని మాట తీసుకునే బయల్దేరింది. ఏడేళ్ల కూతురు మాత్రం రెండు రోజులుగా లైఫ్ జాకెట్ వేసుకునే అన్నం తింటోంది.

"ఎక్కి, వెనక భాగంలో మడమతో తొక్కి చూడండి," అన్నాడు పెద్దాయన.

దర్జీ కదల్లేదు. భార్యే చెప్పులు విడిచి ఎక్కింది. తొక్కింది.

"ఏవండీ, పరుపు తొక్కినట్టుందండీ."

"లోపలి చెక్క నాని కుళ్లిపోయిందమ్మా. పైన రంగు కొట్టారు. ఇంజను బిగించేది ఆ వెనక పలకకే. నది మధ్యలో పలక ఊడిందంటే ఇంజను నీళ్లలోకి, నీళ్లు పడవలోకి."

పాప వచ్చి అమ్మ చెయ్యి పట్టుకుంది.

"ఇంతకీ ఎవరిదండీ ఇది?" అంది భార్య.

"ఒక తెలివితక్కువవాడిదమ్మా. రంగు చూసి కొన్నాడు," పెద్దాయన నవ్వాడు. "అదిగో, ఆ మూలనున్నది చూడండి. మొహం బాగోదు గానీ, తొక్కితే రాయిలా ఉంటుంది."

మూలనున్నది ఆకుపచ్చ పడవ. రంగు పెచ్చులూడుతోంది. ఒంటి నిండా గీతలు.

దర్జీకి సంగతంతా అర్థమైపోయింది. అంటే, అయిపోయిందనుకున్నాడు.

"దాని మీద మీకెంత ముడుతుందేంటి?" అని అడిగేశాడు.

భార్య మోచేత్తో పొడిచింది.

పెద్దాయన మొహం చిన్నబోయింది. "ముట్టేదేం లేదు బాబూ. రాత్రికి నిద్ర పడుతుంది, అంతే."

"బట్టనైతే తిరగేసి కుట్లు చూస్తారు. పడవ దగ్గరకొచ్చేసరికి రంగు చూసి పడిపోయారు," అంది భార్య గొంతు తగ్గించి.

దర్జీ మూతి ముడుచుకునే ఆకుపచ్చ పడవ కొన్నాడు.

దర్జీ వద్దన్నా వినకుండా పెద్దాయన వెంట వచ్చి పడవ అడుగున ఉన్న చిన్న కన్నం చూపించాడు. ఒడ్డున ఉన్నప్పుడు నీళ్లు కారిపోవడానికది. దించే ముందు బిరడా పెట్టి మూసేయాలి.

"కొత్తవాళ్లందరూ ఇదే మర్చిపోతారు. ఈ పని పాపకి అప్పజెప్పండి. పిల్లలు మర్చిపోరు."

దర్జీ ఒక నోటు మడిచి ఆయన జేబులో కుక్కాడు. "మీ కమీషన్ అనుకోండి."

పెద్దాయన నోటు తీసి పాప చేతిలో పెట్టి, మళ్లీ వెళ్లి బకెట్టు మీద కూర్చున్నాడు.

పడవ కొన్నాక మూడో ఆదివారం, నది మధ్యలో ఉండగా గాలి లేచింది. అదే సమయానికి ఓ పెద్ద లాంచీ పక్కనుంచి దూసుకుపోయింది. దాని అలకు పడవ ముందు భాగం గాల్లోకి లేచి దబ్బున నీళ్ల మీద పడింది.

దర్జీ గబుక్కున వెనక్కి చూశాడు.

పలక వెంట్రుకవాసి కూడా కదల్లేదు. ఇంజను దాని పాటికది కొట్టుకుంటోంది.

పరుపులా దిగిపోయిన ఆ తెల్ల పడవ గుర్తొచ్చింది. ఇప్పుడు అందులో ఉండి ఉంటే? భార్యను చూశాడు, పాపను చూశాడు.

"కాళ్లు వణుకుతున్నాయా?" అని అడిగాడు మెల్లిగా.

"మీవి వణుకుతున్నాయి," అంది భార్య. "లేవండి, ఇలా ఇవ్వండి నాకు. ఇంకో చుట్టు వేద్దాం."

ఆవిడ పడవ నడుపుతుంటే దర్జీ తలొంచుకుని కూర్చున్నాడు. అంత మంచి మనిషి జేబులో నోటు కుక్కుతానా అని నాలుక్కరుచుకున్నాడు. సిగ్గేసింది.

ఆ వారమంతా మిగతా పనులు పక్కనపెట్టి ఒక ప్యాంటు కుట్టాడు. కొలతలెందుకు, చూపుతో తీసుకున్నవి చాలు. లోపలి కుట్లు కూడా రెండేసి వేశాడు. క్షమించమని అడిగి, పెద్దాయనను పడవలో తిప్పి తీసుకురావాలని ముగ్గురూ షెడ్డుకు బయల్దేరారు.

బకెట్టు ఖాళీగా ఉంది. తెల్ల పడవ కూడా లేదు.

"దాన్ని ముక్కలు చేసి పారేశామండీ," అన్నాడు షెడ్డు నడిపే మెకానిక్ చేతులు తుడుచుకుంటూ.

"మరి మీ దగ్గర పనిచేసే పెద్దాయన?"

"నా దగ్గరెవరూ పనిచెయ్యరే. బకెట్టు మీద కూర్చునే ఆయనా? పోయిన వారమే ఊరొదిలి వెళ్లిపోయారు. ఎక్కడికో చెప్పలేదు."

"పనివాడు కాకపోతే ఇక్కడెందుకు కూర్చునేవారు?"

"అమ్ముకోడానికి. మీకు ముందు నలుగురొచ్చారు. నలుగురికీ దగ్గరుండి లోపం చూపించి పంపించేశారు. ఆయనతో ఎలా వేగాలో నాకు తెలిసేది కాదండీ."

"ఏది అమ్ముకోడానికి?"

"ఆ తెల్ల పడవేనండీ," అన్నాడు మెకానిక్. "దాచుకున్నదంతా పోసి ఆయన కొనుక్కున్న మొదటి పడవ అది."