ఇరవయ్యొకటో నిమిషం

"ఇరవై నిమిషాల దాకా చల్లగా తిరగాల. ఆ తర్వాత కాగితాలెగిరిపోవాల. మనిషి మాత్రం పడిపోకూడదు తమ్ముడూ."

కరుణకుమారి మాటకి వాసు చేతిలోని సోల్డరింగ్ కడ్డీ గాల్లోనే ఆగిపోయింది. డిప్లొమా చదివొచ్చి నర్సీపట్నంలో రిపేరు షాపు పెట్టాక ఇలాంటి బేరం ఎప్పుడూ తగల్లేదు.

"ఎవరికక్కా ఈ ఫ్యాను?"

"మా పాస్టరుగారికి. పన్నెండింటికి మా జెన్నీకి పాలియ్యాల. ప్రసంగం ఒంటిగంటన్నరకీ అవదు. నా చోటు ముందు చాప మీద. మధ్యలో లేస్తే సంఘమంతా నన్నే సూస్తాది. పోయిన ఆదివారం పిల్ల ఏడ్చేడ్చి సోలిపోనాది. దాని ఏడుపుకి ఎవరికీ వినపడలేదని, ఆయన మళ్లీ మొదట్నించి సెప్పారు."

"పెద్దలు సెప్పరా?"

"సెప్పారు. అది పోయిన నెల. ఆ పై ఆదివారమే పెద్దల మాట వినడం మీద రెండు గంటలు ప్రసంగించారు."

"పాస్టరుగారి ఇంటావిడ ఏటి సేస్తంది మరి?"

"ఏటి సేస్తాది పాపం! సెప్పి సెప్పి ఊరుకుంది."

వాసు నవ్వాపుకుంటూ బ్రష్‌లు లేని చిన్న మోటారు తీశాడు.

"దీన్లో తీగచుట్టలకి ఈ చిప్పు వంతులేసి కరెంటిస్తాది. వంతులు బేగి మారిస్తే మోటారు బేగి తిరుగుతాది. టైము సూసుకుని స్పీడు అదే పెంచుకుంటాది. బ్యాటరీ కదా, కరెంటు పోయినా ఆగదు."

ఎనిమిదో తరగతితో చదువాగిపోయిన కరుణకుమారికి చివరి ముక్కే అర్థమైంది. ఆగదు. అదే భయం కూడా.

"పిల్లకి షాకు కొట్టదు గదా? ఆయన కళ్లజోడు ఎగిరిపోదు గదా?"

శనివారం ఫ్యానుని సంఘపెద్ద వరదానంగారికి అప్పగించి, తన పేరు బయటపెట్టనని మాట తీసుకుంది.

ఆదివారం ప్రసంగం మొదలవగానే వరదానంగారు పాస్టరుగారి బల్ల పక్కన పెట్టిన ఫ్యాను స్విచ్ నొక్కారు. చల్లటి గాలి. పాస్టరుగారి మొహం విప్పారింది.

ఇరవయ్యొకటో నిమిషంలో మోటారు కీచుమంది. కాగితాల అంచులు లేచాయి. పాస్టరుగారు ఒక చెయ్యి అదిమిపెట్టారు. ఇరవై రెండు, రెండో చెయ్యి. ఇరవై మూడు, మోచేతులు. బైబిలు తనంతట తానే ఆదికాండం నుంచి నిర్గమకాండానికి వెళ్లిపోయింది.

"ఈ గాలి ఒక సూచన ప్రియులారా!" అని ఆయన గాలికి ఎదురొంగి, గొంతు ఇంకా పెంచారు.

ఇక అయిపోయిందని కరుణకుమారి కళ్లు మూసుకుంది. చిప్పు మాత్రం జంకలేదు. ఇరవయ్యైదో నిమిషంలో ప్రసంగం మొత్తం ఆడవాళ్ల తలల మీంచి ఎగిరి గుమ్మం దాటింది. ఆయన నోరు తెరిచేలోపే వరదానంగారు "ఆమేన్!" అని కేకపెట్టారు. అదను కోసం చూస్తున్న సంఘమంతా అందుకుంది.

పన్నెండుకింకా పావుగంట ఉంది. కరుణకుమారి వెనకగదిలో తీరిగ్గా పిల్లకి పాలిచ్చి, భుజాన వేసుకుని బయటికొచ్చింది.

ఎదురుగా పాస్టరుగారు, ఏరుకొచ్చిన కాగితాలు చంకలో పెట్టుకుని.

"మిగతాది ఇంటికాడ నీకు సెప్తాన్లే గానీ, పిల్లనిటియ్యి," అన్నారాయన, భార్య భుజం మీంచి జెన్నీని అందుకుంటూ.